లాగు బలము కాదు, నిలుపు బలము చూడుడు

(ఒక మండల వ్యవసాయాధికారి, బి.ఎస్‌సి., వ్యవసాయము)

ట్రాక్టరు కొనదలచిన రైతు మొదట అడుగు ప్రశ్న "ఇది ఎన్ని గుర్రముల బలము?" అనునది. రెండవది "ఎన్ని బస్తాలు లాగును?" అనునది. ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని అడుగవలసిన మూడవ ప్రశ్న ఒకటి కలదు. లాగిన బరువును ఈ యంత్రము ఆపగలదా? ఈ ప్రశ్న వేయు రైతులు అరుదు. దీనికి జవాబు తనంతట తాను చెప్పు అమ్మకపుదారులు అంతకంటెను అరుదు.

ట్రాక్టరు వెనుక తగిలించు తొట్టిని మనవైపు ట్రాలీ అనియు, కొన్ని ఊళ్లలో డబ్బా అనియు, కోస్తా జిల్లాలలో ట్రక్కు అనియు పిలుచుచున్నారు. పేరేదైనను అది నేడు పల్లెకు ప్రాణమువంటిది. ఎరువులు వచ్చుట దానిలోనే, వడ్లు పోవుట దానిలోనే. పెంటను చేనికి తోలుట, ఇంటికి ఇసుక తెచ్చుట, పెండ్లి సామాను మోయుట అన్నియు దానితోనే. ఇంత పని చేయు వస్తువును గూర్చి మనము పట్టించుకొనునది చాల తక్కువ. ఇంజనుకు నూనె మార్చుదుము, టైర్లు చూతుము, వడపోత గిన్నె శుభ్రము చేయుదుము. వెనుక తగిలించిన దానిని మాత్రము ఇనుప పెట్టెగా భావించి వదలివేయుదుము.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. ట్రాలీని ట్రాక్టరు ఎంత లాగగలదో అంత గాక, ఎంత ఆపగలదో అంతే నింపవలెను. తక్కిన మాటలన్నియు దీనినుండి వచ్చునవే.

ఎడ్లబండి నేర్పిన పాఠము

ఈ విషయము మన పెద్దలకు తెలియనిది కాదు. ఎడ్లబండి నింపుట ఒక విద్య. బస్తాలు ఇరుసునకు వెనుకవైపు ఎక్కువైనచో కాడి పైకి లేచి మెడ పలుపులు ఎద్దుల గొంతులకు బిగియును. ముందువైపు ఎక్కువైనచో కాడి మెడలపై కూర్చుండి మెడలు పుండ్లు పడును. అందుచే అనుభవముగల రైతు కాడిని చేతితో ఎత్తి చూచి, ముందువైపున కొద్దిపాటి బరువు నిలుచునట్లు బస్తాలు సర్దెడివాడు. దిగుడు దారి వచ్చినపుడు బండి దిగి, ఎద్దుల ముందర నడచి, వాటిని అదలించి మెల్లగా దింపెడివాడు. బండి వెనుకనుండి త్రోయునని అతనికి తెలియును. ఆ త్రోపును ఆపుకొనవలసినది ఎద్దులేననియు తెలియును.

ఇందులో మూడు సంగతులు కలవు. బరువు ఎక్కడ ఉండవలెను, తగిలించిన చోటు ఎట్లుండవలెను, దిగుడులో త్రోపును ఎవరు ఆపవలెను అనునవి. ట్రాక్టరు వచ్చిన తరువాత ఈ మూడును మరుగున పడినవి. కారణము తెలియనిది కాదు. ఎద్దు మెడ పుండుపడిన కంటికి కనబడును. ఎద్దు ఆయాసపడిన చెవికి వినబడును. ఇనుము ఆయాసపడదు. విరుగు క్షణము వరకు అది మౌనముగనే ఉండును.

లెక్క వేసి చూతము

రైతు సోదరులు ఈ లెక్కను ఓపికతో చూడవలెనని మనవి. ధాన్యపు బస్తా 40 కిలోలు. 100 బస్తాలు నింపిన 4,000 కిలోలు అగును. ట్రాలీ సొంత బరువు 1,500 కిలోలు, ట్రాక్టరు బరువు 2,000 కిలోలు అనుకొందము. అన్నియు కలిపి 7,500 కిలోలు. అనగా 2 టన్నుల ట్రాక్టరు వెనుక ఐదున్నర టన్నుల బరువు ఉన్నది.

ముందుగా లాగుట సంగతి. చదునైన తారురోడ్డుపై చక్రములు దొర్లుటకు మొత్తము బరువులో నూటికి 2 వంతుల లాగుడు చాలునని తీసికొన్నచో, కావలసినది 150 కిలోల లాగుడు. గంటకు 25 కిలోమీటర్ల వేగమున దానికి పట్టు బలము సుమారు 14 గుర్రములు మాత్రమే. 40 గుర్రముల ట్రాక్టరుకు ఇది ఆటవంటిది. కావుననే డ్రైవరు "ఇంకొక 20 బస్తాలు వేయుడు, బండికి లెక్కలేదు" అనును. అతని మాట అబద్ధము కాదు. ఇంజనుకు నిజముగనే లెక్కలేదు. ఈ నిజమే మనలను మోసగించుచున్నది.

ఇక ఆపుట సంగతి. మన పల్లెలలో తిరుగు ట్రాక్టర్లలో చాలవాటికి బ్రేకులు వెనుక చక్రములకు మాత్రమే ఉండును. మన ట్రాలీలలో చాలవాటికి బ్రేకులే ఉండవు. కావున ఏడున్నర టన్నులను ఆపు భారము రెండు చక్రములపై పడును. ఆ రెండు చక్రములపై నిలుచు బరువు 1,400 కిలోలనుకొందము. ఎండిన తారురోడ్డుపై పట్టు అందులో 10కి 6 వంతులు. అనగా 840 కిలోల ఆపుదల. ఇంతకు మించి ఎంత గట్టిగా త్రొక్కినను ప్రయోజనము లేదు. చక్రములు తిరుగుట మాని జారును, అంతే.

ఈ లెక్కన 25 కిలోమీటర్ల వేగమున పోవు ఒంటి ట్రాక్టరు బ్రేకు పడిన తరువాత సుమారు 6 మీటర్లలో ఆగును. అదే ట్రాక్టరు నిండిన ట్రాలీతో సుమారు 22 మీటర్లు పోయి ఆగును. వేగము 35 కిలోమీటర్లైనచో 43 మీటర్లు పోవును. వేగము రెట్టింపైన ఆగు దూరము రెట్టింపు కాదు, నాలుగింతలగును. డ్రైవరు చూచి కాలు కదలించుటకు ఒక్క సెకను పట్టిన, ఆ సెకనులో 25 కిలోమీటర్ల వేగమున 7 మీటర్లు, 35 కిలోమీటర్ల వేగమున 10 మీటర్లు అదనముగా గడచిపోవును. బడి పిల్లవాడు రోడ్డు దాటుటకు వచ్చినపుడు ఈ మీటర్ల విలువ ఏమో చెప్పనక్కరలేదు.

చెరువుకట్టమీదికి గాని, కాలువగట్టుమీదికి గాని పోయిన లెక్క ఇంకను చెడ్డది. తడిసిన మట్టిపై పట్టు 10కి 3 వంతులకు దిగినదనుకొందము. అప్పుడు ఆపుదల 420 కిలోలు మాత్రమే. 20 అడుగులకు 1 అడుగు దిగు వాలులో 7,500 కిలోల బండి తనంతట తాను 375 కిలోల బలముతో ముందుకు త్రోసికొనిపోవును. బ్రేకు చేతిలో మిగిలినది 45 కిలోలు. వాలు 15 అడుగులకు 1 అడుగైనచో త్రోపు 500 కిలోలు. అనగా బ్రేకును పూర్తిగా త్రొక్కి పట్టినను బండి ఆగదు. ఇది డ్రైవరు నేర్పునకు సంబంధించిన మాట కాదు. ఎంత నేర్పుగలవాడైనను లేని పట్టును పుట్టింపలేడు.

ఇపుడు ట్రాలీ చక్రములకు కూడ బ్రేకు ఉన్నదనుకొందము. ఆ బ్రేకు తన శక్తిలో సగము మాత్రమే పనిచేసినదనుకొన్నను, తారురోడ్డుపై 22 మీటర్లు సుమారు 8 మీటర్లకు దిగును. ఎరువు మార్చిన పంట దిగుబడి ఎంత పెరుగునో చూచి ఆశ్చర్యపడు మనము, ఒక బ్రేకు వలన వచ్చు ఈ తేడాను ఎందులకు చూడకున్నామో ఆలోచింపవలెను.

పడవను లాగు పికప్పు

పరదేశపు మాట ఒకటి ఇచ్చట చెప్పుట అవసరము. లాగు బండికిని, లాగబడు బండికిని గల సంబంధమును సామాన్యులు కూడ ఎంత జాగ్రత్తగా చూడగలరో దానివలన తెలియును. మన జలాశయములలో చేపలు పట్టువాడు పుట్టిని తలపై పెట్టుకొని నీటివద్దకు పోవును. అమెరికాలో చేపల వేట పెక్కుమందికి సెలవుదినపు వేడుక. వారు పడవను ఇంటివద్దనే ఉంచుకొని, చిన్న ట్రెయిలరుపై కట్టి, పికప్పు వాహనము వెనుక తగిలించి సరస్సువద్దకు తీసికొనిపోవుదురు. ఆ పడవ, దాని మోటారు, ట్రెయిలరు అన్నియు కలిసి ఒక టన్ను అటుఇటుగా ఉండుట సామాన్యము. లాగు పికప్పు బరువు 2 టన్నులకు పైబడి ఉండును. అనగా తన బరువులో సగమును మాత్రమే అది లాగుచున్నది. మన ట్రాక్టరు తన బరువునకు రెండున్నర రెట్లకు మించి లాగుచున్నది. అయినను జాగ్రత్త ఎవరిది ఎక్కువయో చూడుడు.

అచ్చట వాహనపు పుస్తకములో ఎంత బరువు లాగవచ్చునో అచ్చువేసి ఉండును. ట్రెయిలరుకు బ్రేకు ఎంత బరువునుండి ఉండితీరవలెనో చట్టములు చెప్పును. ఆ హద్దు రాష్ట్రమును బట్టి మారుచుండును గాని, పెక్కు రాష్ట్రములలో అది 3,000 పౌండ్లు, అనగా సుమారు 1,360 కిలోలు. యూరపు దేశములలో 750 కిలోలు దాటిన ట్రెయిలరుకు బ్రేకు ఉండవలెను. మన ట్రాలీ ఖాళీగా ఉన్నపుడే ఈ రెండు హద్దులను దాటియున్నది.

బరువు సర్దుటలో వారు పాటించునది మన ఎడ్లబండి సూత్రమే. మొత్తము బరువులో నూటికి 10 మొదలు 15 వంతులు తగిలించు చోట ఆనునట్లు సర్దవలెనని సామాన్యపు ట్రెయిలర్లకు చెప్పుదురు. పడవల ట్రెయిలర్లకు అంతకంటె కొంత తక్కువైనను ఒప్పుకొందురు. ముందు బరువు చాలనిచో ట్రెయిలరు తోక ఊపును, ఎక్కువైనచో లాగు వాహనపు ముందు చక్రములు తేలిపోవును. తగిలించు చోట ఒక కొక్కెమే గాక, అడుగున రెండు గొలుసులను ఒకదానిపై నొకటి అడ్డముగా కట్టుదురు. కొక్కెము ఊడినను ట్రెయిలరు మూతి నేలను తాకక ఆ గొలుసుల ఉట్టిలో నిలుచును. బయలుదేరుటకు ముందు వెనుక దీపములు వెలుగుచున్నవో లేదో చూతురు. నీటి అంచున పాచిపట్టిన వాలుమీద దింపునపుడు చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టుదురు.

వారి పడవ ట్రెయిలర్లలో వాడు ఒక విధమైన బ్రేకును మనవారు ముఖ్యముగా గమనింపవలెను. దానికి డ్రైవరు కాలితో పని లేదు. ముందు వాహనము వేగము తగ్గగానే వెనుక ట్రెయిలరు ముందుకు త్రోసికొనివచ్చును గదా. ఆ త్రోపే తగిలించు చోటనున్న ఒక చిన్న నూనె గొట్టమును నొక్కి, ట్రెయిలరు చక్రముల బ్రేకులను బిగించును. ఎంత త్రోసిన అంత బిగియును. శత్రువు బలముతోనే శత్రువును కట్టివేయు ఉపాయమిది. ఇందులో మన పట్టణములలోని షెడ్లవారు చేయలేని పని ఏదియు నాకు కనబడుట లేదు.

ఆ దేశస్థులు పుట్టుకతో జాగ్రత్తపరులని నేననుట లేదు. అచ్చటను పడవతో సహా నీటిలోనికి జారిన పికప్పులు కలవు. కాని అమ్మువాడు, చట్టము, బీమా సంస్థ ముగ్గురును ఒకే మాట చెప్పుటవలన ఆ మాట అలవాటైనది. వేడుకకై చేపలు పట్టువాడు పాటించు నియమమును, బ్రతుకుకై వడ్లు తోలు మనము పాటింపలేమా?

తగిలించు చోటు

మన ట్రాలీల తగులు పిన్ను విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. అరిగి సన్నబడిన పిన్ను, పిన్నునకు బదులు చేతికందిన బోల్టు, అడుగున చీల లేని పిన్ను తరచుగా కనబడుచున్నవి. గతుకులలో చీల లేని పిన్ను ఎగిరి పడుట వింత కాదు. ఐదున్నర టన్నుల ట్రాలీ రోడ్డుపై విడివడి పోయినపుడు దాని ముందు ఏమున్నదో ఎవరు చెప్పగలరు? కొలత సరియైన పిన్ను, దానికి చీల, దానికి తోడుగా ఒక గట్టి గొలుసు ఉండి తీరవలెను.

తగిలించు ఎత్తు గూడ ముఖ్యమే. ట్రాలీని ఎల్లప్పుడును ట్రాక్టరు అడుగున దానికై ఏర్పరచిన కొక్కెమునకే తగిలించవలెను. ట్రాలీ బురదలో దిగబడినపుడు కొందరు గొలుసును వెనుక ఇరుసుకంటె ఎత్తున, మీది లింకు బిగించు చోట కట్టి లాగుచున్నారు. వెనుక చక్రములు నిలిచిపోయి, లాగుడు పైనుండి పడినపుడు ట్రాక్టరు ముందు భాగము లేచి డ్రైవరుపై వెనుకకు బోర్లపడును. ఇది కన్ను మూసి తెరచునంతలో జరుగును. దూకుటకు వ్యవధి ఉండదు.

రెండు చక్రముల ట్రాలీలో బస్తాలన్నియు వెనుకకు వేసినచో ట్రాక్టరు వెనుక చక్రములపై బరువు తగ్గి, ఉన్న కొద్దిపాటి బ్రేకు పట్టును పోవును. అన్నియు ముందుకు వేసినచో ముందు చక్రములు తేలి స్టీరింగు మాట వినదు. తాత కాడిని ఎత్తి చూచిన రీతిగనే, మనుమడును తగిలించుటకు ముందు బరువు ఎటున్నదో చూచుకొనవలెను.

మనుషులను ఎక్కించుట

ఇంతవరకు బస్తాల మాట చెప్పితిని. బస్తా పగిలిన వడ్లు ఎత్తుకొనవచ్చును. మనిషి సంగతి అట్టిది కాదు.

2018 ఏప్రిల్ 6వ తేదీన నల్లగొండ జిల్లా పెద్ద అడిశర్లపల్లి మండలము వద్దిపట్ల వద్ద కూలికి పోవుచున్న వారి ట్రాక్టరు కాలువలో పడి 9 మంది స్త్రీలు మరణించిరి. మూడు నెలలైనను గడువకముందే, జూన్ 24వ తేదీన, యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలము వేములకొండ వద్ద పత్తి చేని పనికి పోవుచున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు స్త్రీలే. 2022 అక్టోబరు 1వ తేదీన ఉత్తర ప్రదేశములోని కాన్పూరు ప్రాంతమున దేవాలయమునుండి తిరిగివచ్చుచున్న వారి ట్రాలీ నీటిగుంటలో బోర్లపడి 26 మంది చనిపోయిరి. ఒక్కొక్క ప్రమాదమునకు వేరువేరు కారణము ఉండవచ్చును. తీర్పు చెప్పుట నా పని కాదు. కాని మూడింటను మనుషులున్నది సరుకు పెట్టెలో అనునది ఒక్కటే చాలును.

ట్రాలీలో కూర్చున్నవారికి పట్టుకొనుటకు ఆధారము లేదు. వారి బరువు ఎత్తున నిలుచుటచే ట్రాలీ సులభముగా ఒరుగును. బోర్లపడినపుడు ఇనుప తొట్టి వారిపై మూతవలె పడును. నీటిలో పడిన ఈతగాండ్రు గూడ దాని అడుగునుండి బయటపడుట కష్టము.

మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము ట్రెయిలరు కూడ మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను కావలెను. ట్రాక్టరు బీమా కట్టితిమిగదా అని కొందరు ధైర్యముతో ఉందురు. వ్యవసాయపు ట్రాక్టరుకు సాధారణముగా తీసికొను బీమా ట్రాలీలో ప్రయాణము చేయువారికి వర్తింపదు. ప్రమాదము జరిగినపుడు పరిహారపు భారము యజమాని పొలము మీదికి రావచ్చును. అనగా ఒక్క ఉదయమున ఆరు కుటుంబములు దిక్కులేనివగుటయే గాక, ఏడవ కుటుంబము గూడ అప్పుల పాలగును.

"కూలీలను ఎట్లు తేవలెను? మా ఊరికి ఆ వేళకు బస్సు లేదు, నడచి వచ్చిన పొద్దెక్కును" అని రైతులు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. నాట్లును, పత్తితీతయు ఊరంతటికి ఒకేసారి వచ్చును. కూలీలు ప్రక్క ఊళ్లనుండి రావలసినదే. రైతు దుర్మార్గుడై వారిని ట్రాలీలో ఎక్కించుట లేదు, వేరు దారి లేక ఎక్కించుచున్నాడు. ఈ నిజమును ఒప్పుకొనక నిషేధమని మాత్రము చెప్పినచో, ఎవరును వినరు. ఆ ట్రాలీలు పెద్దరోడ్డు వదలి కాలువగట్ల వెంట దొంగచాటుగా పోవును. అది ఇంకను అపాయకరము.

నా అభిప్రాయములో దారి ఇది. ఒకే దిక్కున పొలములున్న నలుగురైదుగురు రైతులు కలిసి, సీట్లుగల వాహనమును ఆ కొద్ది దినములకు బాడుగకు మాట్లాడుకొనవలెను. ఆ బాడుగను కూలితోపాటు సాగు ఖర్చులో వ్రాసికొనవలెను. విత్తనము, ఎరువు, మందు ఖర్చులు వ్రాసికొను మనము, పనిచేయువారిని క్షేమముగ తెచ్చి దింపు ఖర్చును ఎందుకు వ్రాసికొనరాదు? ఎకరమునకు దానిని పంచి చూచిన తరువాతనే భారమో కాదో చెప్పవలెను.

ఒక్క ట్రిప్పు ఆశ

ఎక్కువ బరువు వేయుటకు డ్రైవరును మాత్రమే నిందించుట తగదు. బాడుగ ట్రిప్పునకు ఇంత అని మాట్లాడుకొందుము. రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో పోయిన మనకు సగము ఖర్చు మిగులును. కావున "ఇంకొక వరుస వేయుము" అనువాడు సరుకుగల రైతే. డ్రైవరు కాదన్న వచ్చే యేడు మరియొక బండిని పిలుతుము. ఈ బేరములో మిగిలిన డబ్బు రైతుకు, అపాయము డ్రైవరుకును దారిన పోవువారికిని చెందుచున్నది. బాడుగను ట్రిప్పు లెక్కన గాక బస్తా లెక్కన మాట్లాడుకొనుట ఊరిలో ఆచారమైనచో, ఎక్కువ నింపవలెనని రైతు ఒత్తిడి చేయు కారణమే పోవును. డ్రైవరును ఇన్ని బస్తాలకు మించి వేయనని ధైర్యముగా చెప్పగలుగును.

కొనుగోలు కాలమున కేంద్రముల వద్దను, మిల్లుల వద్దను ట్రాలీలు రాత్రుల తరబడి రోడ్డు ప్రక్కన వరుసగా నిలుచుట అందరెరిగినదే. వాటి వెనుక దీపము లేదు, మెరయు పట్టీ లేదు. మోటారు సైకిలుపై వచ్చువానికి చీకటిలో చీకటి తప్ప మరేమియు కనబడదు. ఎఱ్ఱగా మెరయు పట్టీలను ట్రాలీ వెనుక నాలుగు మూలల అంటించుటకు అగు వ్యయము ఒక బస్తా వడ్ల ధరతో పోల్చిన అత్యల్పము. దీనికి కూడ ఖర్చు సాకు చెప్పువారిని నేను ఒప్పుకొనజాలను.

శాఖ చేయవలసినది

రైతులకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మావంటి అధికారులు చేయవలసినదియు కలదు. యంత్రపరికరములు ఎన్ని పంచితిమను లెక్కను మేము ఏటేట వ్రాయుచున్నాము. అవి ఎంత క్షేమముగ నడచుచున్నవను లెక్కను వ్రాయుట లేదు. ప్రభుత్వ ధనముతో రాయితీ ఇచ్చు చోట, ట్రాలీకి బ్రేకు, వెనుక దీపములు, మెరయు పట్టీలు, గొలుసు ఉండవలెనని నియమము పెట్టుట అవసరమని నా అభిప్రాయము. ట్రాలీలు తయారుచేయు షెడ్లవారిని పిలిచి, తనంతట బిగియు బ్రేకును గూర్చి శిక్షణ ఇప్పించిన, వారు నేర్చుకొనగలరు. కొనువాడు అడిగిన చేయువాడు చేయును.

వరికోతలకు ముందు ఒక దినమున, రైతువేదిక వద్దకు ఆ చుట్టుప్రక్కల ట్రాలీలన్నింటిని పిలిపించి పరీక్షించుట గూడ కష్టము కాదు. పశువులకు గాలికుంటు టీకాలు వేయించు దినమును మనము మరువము. ట్రాలీల దినము గూడ అట్లే అలవాటు కావలెను. ఆ దినమున చూడదగినవియు, దారిలో పాటింపదగినవియు ఇవి:

1. తగులు పిన్ను అరగకుండ ఉండుట, దాని చీల, దానికి తోడు గొలుసు.

2. ట్రాక్టరు బ్రేకు పెడళ్లు రెండును రోడ్డుమీద కలిపి లాకు వేసి ఉండుట. పొలములో మలుపు తిప్పుటకు విడదీసిన పెడళ్లను రోడ్డెక్కిన తరువాత కలుపనిచో, ఒకవైపు మాత్రము బ్రేకు పడి బండి అడ్డము తిరుగును.

3. ట్రాలీ చక్రముల బేరింగులకు గ్రీజు. మడులలోను, కాలువలలోను దిగి వచ్చు ట్రాలీలకు నీరు లోపలికి పోవును గాన ఇది మరింత ముఖ్యము.

4. వెనుక దీపములు, ఎఱ్ఱని మెరయు పట్టీలు.

5. ఏ గేరులో గట్టు ఎక్కుదుమో ఆ గేరులోనే దిగుట. డీజిలు మిగులునని న్యూట్రలు చేసి గాని, క్లచ్చి త్రొక్కి గాని దిగుట ప్రాణములతో ఆడుటయే.

6. బ్రేకు లేని పాత ట్రాలీలకు వెంటనే బ్రేకు పెట్టించలేనివారు, అంతవరకు సగము బరువే వేసి, మనిషి పరుగుకంటె వేగము మించకుండ నడుపుట.

ఆరవది పాటించుట కష్టమని నాకు తెలియును. రెండు ట్రిప్పులు తిరుగవలసి వచ్చును. డీజిలు ఖర్చగును. కాని అట్లు రెండుసార్లు తిరుగుట వలన అగు ఖర్చే, బ్రేకు పెట్టించుట ఎంత చవుకయో రైతుకు ఒక్క పంటకాలములో తెలియజేయును.

కళ్లెము లేని గుర్రమును బలమైనదని ఎవరును కొనరు. బలమైనకొలది దానికి కళ్లెము అవసరమని చెప్పుదురు. 40 గుర్రముల బలమును ఇంటికి తెచ్చుకొని, కళ్లెమునకు మాత్రము రేపు చూతమనుట వివేకము కాదు. ఈ సంవత్సరము ట్రాలీ కొనదలచిన రైతు సోదరులు షెడ్డువద్ద బేరమునకు కూర్చున్నపుడు, తొట్టి రేకు ఎంత మందమని అడుగుటకు ముందు బ్రేకు ఏదని అడుగుదురు గాక. పదిమంది అడిగిన, పదునొకండవ ట్రాలీ బ్రేకుతోనే తయారగును.